లంక రైతుకు కావలసిన వరద వార్త

సంపాదకులకు నమస్కారములు.

గోదావరికి ఎర్రనీరు తగిలిన నాటి నుంచి, ఏటి మధ్య దీవులైన మా లంకల్లో ప్రతి ఇంటా వార్త కోసం ఎదురుచూపు మొదలవుతుంది. పశువులను ఏటిగట్టు మీదికి తోలాలా, అరటి గెలలు ఇప్పుడే కోయాలా, మరో నాలుగు రోజులు ఆగాలా అన్న నిర్ణయాలన్నీ ఆ వార్త మీదే ఆధారపడి ఉంటాయి. ప్రసార మాధ్యమాలు సమాజాన్ని ఎలా మలుస్తాయన్న చర్చ సాధారణంగా ఎన్నికల చుట్టూ, సినిమాల చుట్టూ తిరుగుతుంది. నేను మాత్రం ఆ ప్రభావాన్ని గట్టు మీదే కళ్లారా చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట ఆగస్టులో ఒక రాత్రి మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. గట్టుకు గండి పడి కొబ్బరితోటల్లోకి నీరు దూకుతున్న దృశ్యం అది. కింద మా పక్క మండలం పేరు రాసి ఉంది. అదే సాయంత్రం ఒక టీవీ ఛానెల్ రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర కెమెరా పెట్టి, గోదావరి ఉగ్రరూపం దాల్చిందని గంటకు పైగా చెప్పింది గాని, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారో, మట్టం పెరుగుతున్నదో తగ్గుతున్నదో ఒక్కసారైనా చెప్పలేదు. తెల్లవారేలోగా మా లంకలో చాలామంది పక్వానికి రాని గెలలు నరికి పడవలకెక్కించారు. అంత సరుకు ఒక్కసారిగా రావులపాలెం అరటి మార్కెట్‌కు చేరేసరికి ధర పడిపోయింది. కోత కూలి, పడవ కిరాయి కూడా రానివాళ్లలో నేనూ ఒకణ్ణి. నీరు మా తోటల దాకా రానేలేదు. ఆ వీడియో వేరే ఏడాది వేరే చోట తీసినదని రెండు రోజులకు తేలింది. అలా తేలిన సంగతిని ఎవరూ ఊరికి చెప్పలేదు.

డబ్బు నష్టం ఒక పంటతో పోతుంది. వార్త మీద నమ్మకం పోతే మాత్రం ఏళ్ల తరబడి తిరిగి రాదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) పైగా నీరు కిందికి వచ్చింది. సాధారణంగా ఆగస్టులో రావలసిన పెద్ద వరద జూలై మధ్యలోనే వచ్చింది. 'ఇవి ఎప్పుడూ చెప్పే మాటలే' అనుకుని ఆఖరి గడియ దాకా ఇల్లు కదలని కుటుంబాలు మా లంకలో ఉన్నాయి. వాళ్లను నడుం లోతు నీటిలోంచి పడవల మీద తెచ్చుకున్నాం. వాళ్లను మొండివాళ్లని అనడం న్యాయం కాదు. అబద్ధపు కేకలు అన్నిసార్లు విన్న చెవి నిజమైన హెచ్చరికను గుర్తుపట్టలేకపోయింది.

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 వద్ద రెండోది, 17.75 వద్ద మూడోది ఇస్తారు. విడుదలయ్యే నీటి లెక్కలో ఇవి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఈ అంకెలు మీ పత్రికలోనూ వస్తున్నాయి, అందుకు కృతజ్ఞుణ్ణి. అయితే లంకవాసికి క్యూసెక్కు అంటే కంటికి ఆనే కొలత కాదు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే (ఏటి మీది తక్కువ ఎత్తు బాట) ఏ మట్టానికి మునుగుతుంది, ముక్తేశ్వరం వైపు ఎదురుబిడియం కాజ్‌వే మీద రాకపోకలు ఎప్పుడు ఆగుతాయి, బూరుగులంక రేవులో తాత్కాలిక బాట ఎప్పుడు కొట్టుకుపోతుంది అన్నవే అతనికి అర్థమయ్యే గుర్తులు. మా పెద్దలు నేటికీ ప్రతి వరదనూ 1986 వరదతోనే పోల్చి చూస్తారు. ఆ ఏడాది భద్రాచలం మట్టం 75.6 అడుగులు. ఫలానా గుమ్మం, ఫలానా రావిచెట్టు మొదలు మునిగాయని వాళ్లకు గుర్తుంది కనుకనే ఆ అంకెకు మా దగ్గర అంత విలువ.

మా చిన్నతనంలో పంచాయతీ ఆఫీసు మీద లౌడ్‌స్పీకరు ఉండేది. విజయవాడ ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు అందులో వచ్చేటప్పుడు ఊరంతా ఒకే మాటను ఒకే సమయంలో వినేది. విన్న తరువాత అరుగుల మీద కూర్చుని దాన్ని తర్కించుకునేవాళ్లం. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమను ఊడ్చేసి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు, కరెంటు, ఫోన్లు పోయి, బ్యాటరీ రేడియో ఉన్న ఇంటి ముందు జనం గుమిగూడిన దృశ్యం నాకింకా కళ్ల ముందుంది. నేడు ప్రతి చేతిలో ఒక ఫోను ఉంది, ప్రతి ఫోనులో వేరే వార్త ఉంది. పక్కపక్క ఇళ్ల వాళ్లు ఒకే గోదావరి గురించి పొంతన లేని సంగతులు నమ్ముతున్నారు.

ఇది వరదకే పరిమితమైన సంగతి కాదు. 2022 మే 24న కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చే విషయమై అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాక ప్రభుత్వం ఇంటర్నెట్‌ను రోజుల తరబడి ఆపివేసింది. వదంతులతో పాటు నిజాలు తెలుసుకునే దారి కూడా మూసుకుపోయిన ఆ రోజుల్లో, ఊళ్లో పత్రిక ఒక చేతి నుంచి మరో చేతికి మారి నలిగిపోయేది. కులాల మధ్య అనుమానం పెరిగిన వేళ అచ్చులోని ఒక్కో వాక్యానికి ఎంత బరువుంటుందో అప్పుడు చూశాను.

ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న కాలంలోనే, 1874లో, కందుకూరి వీరేశలింగం గారు వివేకవర్ధని పత్రికను మొదలుపెట్టారు. లంచగొండితనాన్ని ఎండగట్టడానికీ, వితంతు వివాహాలకు జనాన్ని ఒప్పించడానికీ ఆయన వాడిన సాధనం ఆ పత్రికే. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగేనాటికి దాని వెనుక ఏడేళ్ల రాతలు ఉన్నాయి. పత్రిక మనుషుల నడవడిని మార్చగలదని ఈ ఏటి ఒడ్డున రుజువైన సంగతే కనుక మీ ముందు ఈ విన్నపం పెట్టే ధైర్యం చేస్తున్నాను.

జూలై నుంచి సెప్టెంబరు వరకు జిల్లా పేజీలో రోజూ ఒకే చోట ఒక చిన్న పట్టిక వేయండి. భద్రాచలం, ధవళేశ్వరం మట్టాలు, వాటిని నమోదు చేసిన గంట, నీరు పెరుగుతున్నదా తగ్గుతున్నదా, ఏ కాజ్‌వే మునిగింది, ఏ రేవు ఆగింది అన్నవి అందులో ఉండాలి. వదంతి అని తేలిన వీడియోలను పేరుపేరునా అదే పక్కన ఖండించండి. వరద తీశాక విలేకరులను మరో వారమైనా లంకల్లో ఉంచండి, ఎందుకంటే గట్టు కోతకు గురై తోట ఏటిలో కలిసేది చాలాసార్లు నీరు తీసే రోజుల్లోనే. వరద రోజుల్లో పడవ ఆగితే మాకు పత్రిక రాదు. కనుక ఆ పట్టికను ముందురోజు రాత్రే మీ వెబ్‌సైట్‌లో పెడితే, సిగ్నల్ అందే గట్టు మీదికి వెళ్లి చూసి వచ్చి పంచాయతీ బోర్డు మీద సుద్దతో రాయడానికి మా ఊరి కుర్రాళ్లు ఇద్దరు ఒప్పుకున్నారు.

ఇట్లు,
ఒక లంక రైతు,
పి.గన్నవరం మండలం.