వార్షిక నివేదిక: మనం పనిచేసే ఇళ్లలో తల్లిదండ్రులు, పిల్లలు

సభ్యులందరికీ నమస్కారం.

ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్న తెలుగువారి సంఘంగా వీసా పత్రాలు, జీతాల లెక్కలు, జబ్బుపడిన వారికి సాయం వంటి నిత్య వ్యవహారాలను ఈ ఏడాదీ ఎప్పటిలాగే చూసుకున్నాం. జమాఖర్చులను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. సంప్రదాయ యూదు కుటుంబంలో ఎవరి స్థానం ఏమిటో తెలుసుకోవడానికి సెలవు రోజుల్లో మనం జరుపుకున్న చర్చల గురించి మాత్రం కొంత వివరంగా చెప్పాలి.

వీటికి కారణం ఒక కుర్చీ. కొత్తగా పనిలో చేరిన ఒక సభ్యురాలు శుక్రవారం రాత్రి భోజనాల వేళ బల్ల చివరన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చోబోతే, ఆ ఇంటి పెద్దకొడుకు ఏమీ అనకుండా పక్కన మరో కుర్చీ వేశారు. అది మంచం పట్టిన తండ్రిది. బిడ్డలు తండ్రి కూర్చునే చోట కూర్చోరాదని, ఆయన మాటకు ఎదురు చెప్పరాదని యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్మూద్ విధిస్తుంది. అది భయభక్తులకు సంబంధించిన నియమం. గౌరవం అంటే మాత్రం తినిపించడం, తాగించడం, బట్టలు తొడగడం, దుప్పటి కప్పడం, లోపలికీ బయటికీ నడిపించడం అని అదే గ్రంథం చెబుతుంది. ఇది చదివినప్పుడు అందరం కాసేపు మాట్లాడలేకపోయాం, ఎందుకంటే పొద్దున లేచింది మొదలు మనం చేసే పని ఇదే.

ఆ పని కన్నబిడ్డలే ఎందుకు చేయరన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. తల్లి గానీ తండ్రి గానీ మతి తప్పితే, చేతనైనంత వరకు వారి స్థితికి తగ్గట్టు నడుచుకోవాలని, ఇక తన వల్ల కాదనుకున్నప్పుడు సరిగా చూసుకోమని ఇతరులకు అప్పగించి వెళ్లవచ్చని 12వ శతాబ్దపు యూదు ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడెస్ రాశారు. దీన్ని ఒప్పుకోని పండితులు ఆ కాలంలోనే ఉన్నారు. అయినా, కన్నవాళ్లను వదిలేశారని మనం తొందరపడి అనుకునే బిడ్డల విషయంలో ఈ మాటను గుర్తుపెట్టుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

ఇల్లాలి స్థానం గురించి సభ్యురాళ్లే ఎక్కువ మాట్లాడారు. శుక్రవారం సాధారణంగా సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు, జెరూసలేములో 40 నిమిషాల ముందు, ఆమె యూదుల విశ్రాంతి దినమైన షబ్బాత్ దీపాలు వెలిగిస్తుంది. షబ్బాత్‌లో వంట చేయరాదు కాబట్టి ఆలోపే వంటంతా ముగియాలి. ఆ రాత్రి భర్త ఆమెను కీర్తిస్తూ బైబిల్లోని సామెతల గ్రంథం 31వ అధ్యాయంలోని 22 వచనాలు పాడినా, ఆ శ్రమ పాటతో తీరేది కాదని మన ఆడవాళ్లు అన్నారు, కాదనలేని మాట.

ఆ తర్వాత తండ్రి బిడ్డల తలపై చేతులుంచి దీవిస్తాడు. కొడుకులను బైబిల్లో యోసేపు కొడుకులైన ఎఫ్రాయిము, మనష్షేలా, కూతుళ్లను యూదుల మూలమాతలైన శారా, రిబ్కా, రాహేలు, లేయాలా చేయమని దేవుణ్ణి వేడుకుంటాడు. చేతులు వణికే ఒక సబా (హీబ్రూలో తాత) మోచేతిని మన సభ్యుడు పట్టుకొని నిలబడితే, తల నెరిసిన కొడుకు వంగి ఆ దీవెన అందుకున్నారట.

ఇంట్లో పెద్దలు పోయినప్పుడు పాటించే ఏడు రోజుల సంతాపం, తల్లిదండ్రుల కోసం బిడ్డలు పదకొండు నెలలు చదివే కద్దిష్ అనే ప్రార్థన వచ్చే ఏడాది మొదటి చర్చాంశాలు. అలాంటి ఇళ్లలో పనిచేసిన సభ్యులు తమ అనుభవాలను ముందుగా కార్యదర్శికి తెలియజేయగలరు.