ఫ్లెక్సీలో ప్రభువు స్టాంపు బిళ్ళంత

సంపాదకుడు గారికి,

ఒంగోలు కర్నూలు రోడ్డులో నాలుగు రోజులుగా ఒక స్వస్థత సభ ఫ్లెక్సీ వేలాడుతోంది. కోటు వేసుకున్న దైవజనుడు గారు చెయ్యి చాచి నిలువెత్తున ఉన్నారు, యేసుప్రభువు మాత్రం పైన మూలకి స్టాంపు బిళ్ళంత. కింద 'షుగరు, కేన్సరు నుంచి విడుదల' అని రాశారు. అదే ప్రకటన ఆదివారం మీ జిల్లా పేజీలో కూడా చూశాను, అందుకే మీకు రాస్తున్నాను.

నేను పుట్టు క్రైస్తవుణ్ణి. సభలు పెట్టొద్దని గానీ, ప్రార్థన వల్ల జబ్బు తగ్గదని గానీ అనడం లేదు. మా పెద్దమ్మ పోయినేడు ఇలాంటి సభకే వెళ్ళి నూనె సీసా తెచ్చుకుంది. "నాకు ఇక షుగరు లేదని దేవుడు ఆ దైవజనుడికి చూపించాడంట అబ్బాయ్" అంది. మాత్రల అట్ట బైబిలు కవరు జిప్పులో దొరికింది, ఒక్కటీ తీయలేదు. అప్పటికే కాలి వేలు నల్లబడింది, తీసేశారు.

ఈ 'నాకు చూపించాడు' అనే మాట దగ్గరే నా పేచీ. పూర్వం ప్రవక్తల ద్వారా మాట్లాడిన దేవుడు చివరికి కుమారుని ద్వారానే మాట్లాడాడని బైబిల్లో హెబ్రీ పత్రిక మొదటి వాక్యాల్లోనే ఉంది. కొండ మీద యేసు పక్కన పూర్వపు ప్రవక్తలు మోషే, ఏలీయా నిలబడితే శిష్యుడు పేతురు ముగ్గురికీ తలా ఒక పర్ణశాల కడదామన్నాడు, ఈయన మాట వినండి అని మేఘంలోంచి స్వరం వచ్చింది, కళ్ళెత్తి చూస్తే యేసు ఒక్కడే ఉన్నాడు. మోషే అంతటివాడికే అక్కడ వేరే పర్ణశాల దొరకలేదు, మనవాళ్ళకి నలభై అడుగుల ఫ్లెక్సీ! క్రీస్తు తర్వాత కొత్త బహిరంగ ప్రత్యక్షత, అంటే అందరి కోసం దేవుడు కొత్తగా బయలుపరిచేది, ఏదీ రాదని కేథలిక్కులు కూడా 1965లో వాటికన్ సభలో రాసుకున్నారు. ప్రవచనాన్ని తోసిపుచ్చొద్దన్న పౌలే ఆ వెంటనే, అన్నిటినీ పరీక్షించమన్నాడు. మన దగ్గర పరీక్షిస్తానన్నవాడికి విశ్వాసం లేదంటారు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడని ఏ సభలోనూ చెప్పగా వినలేదు.

ఇలా జాగ్రత్తపడటం మన జిల్లాకి కొత్తా అంటే కాదు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, కూడు కోసం వచ్చారని అనిపించకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగితే నీళ్ళలో దిగి ఇచ్చింది మన తెలుగు బోధకులే, దొర కాదు. ఆ మిషనువాళ్ళే ఇదే ఊళ్ళో ఆసుపత్రి కట్టారు, నూనె సీసాలు పంచలేదు.

మహిమలతో షుగరు నయం చేస్తామనే ప్రకటనలు కూడదని 1954లోనే చట్టం వచ్చింది. కాబట్టి అయ్యా, సభ ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నంతవరకు వేసుకోండి, జబ్బుల పేర్లు తీసేయమని మీ ప్రకటనల విభాగానికి చెప్పండి. ఫ్లెక్సీ సంగతి మా సంఘ పెద్దలతో నేను మాట్లాడతాను, వింటే.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు