ఇంట్లో ఉండగలిగారా అన్నది కూడా లెక్కలోకి తీసుకోండి

సంపాదకుడు గారికి నమస్కారం.

కొవిడ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా పత్రికల్లో దేశాల పట్టిక ఒకటి కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు లాక్‌డౌన్ పెట్టారు, ఎంతమంది చనిపోయారు అని. అది చూసి చాలామంది "ఆ జనానికి క్రమశిక్షణ ఉంది, ఈ జనానికి లేదు" అని తేల్చేస్తారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది.

దక్షిణ అమెరికాలోని పెరూ సంగతి చూడండి. 2020 మార్చి 16నే అక్కడ లాక్‌డౌన్ మొదలైంది. వీధుల్లో సైన్యాన్ని దించారు. అయినా జనాభా లెక్కన ప్రపంచంలోనే ఎక్కువ మరణాలు నమోదైన దేశాల్లో అది ఒకటి. అప్పటికి అక్కడ దాదాపు సగం ఇళ్లలో ఫ్రిజ్ లేదు. ఫ్రిజ్ లేనివాళ్లు వారానికి సరిపడా కొని దాచుకోలేరు, రోజు విడిచి రోజైనా మార్కెట్‌కు వెళ్లాల్సిందే. ప్రభుత్వం 380 సోల్స్ (సోల్ అంటే అక్కడి కరెన్సీ) సాయం ప్రకటించింది, మంచిదే. కానీ చాలామందికి బ్యాంకు ఖాతాలే లేవు, ఆ డబ్బు కోసం బ్యాంకుల ముందు బారులు తీరారు. ఏప్రిల్‌లో ఇంకో నియమం తెచ్చారు: సోమ, బుధ, శుక్రవారాలు మగవాళ్లు, మంగళ, గురు, శనివారాలు ఆడవాళ్లు బయటికి రావాలి. ఇంటికి సరుకులు తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే కదా! వాళ్ల వంతు వచ్చిన రోజుల్లో మార్కెట్లు కిక్కిరిసిపోయాయి. వారం తిరిగేసరికి ఆ నియమం ఎత్తేశారు. వీళ్లకు క్రమశిక్షణ లేదని ఎలా అంటాం?

దక్షిణ కొరియా 2020లో దేశమంతా లాక్‌డౌన్ పెట్టనే లేదు. 2015లో మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి వచ్చి అక్కడ 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. ఆ దెబ్బ తిన్నాకే చట్టాలు మార్చుకున్నారు, టెస్ట్ కిట్లకు అత్యవసర అనుమతి ఇచ్చే ఏర్పాటు చేసుకున్నారు. అందుకే కొవిడ్ రాగానే కారు దిగకుండా శాంపిల్ ఇచ్చే కేంద్రాలు తెరవగలిగారు. అంతకంటే నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటుంది. క్వారంటైన్‌లో ఉన్నవాళ్లకు సరుకుల పెట్టెలు ఇంటికే పంపారు. గుమ్మంలోకి సరుకులు వస్తుంటే ఎవరైనా ఇంట్లోనే ఉంటారు.

అసలు ఒక దేశాన్ని ఒకే అంకెగా చూడటమే పొరపాటు. సింగపూర్‌లో నగరమంతా అదుపులో ఉన్నట్టు కనిపిస్తున్న రోజుల్లోనే, వలస కార్మికులు ఉండే డార్మిటరీల్లో, అంటే సామూహిక వసతి గృహాల్లో, వ్యాధి అంటుకుపోయింది. ఒక్కో గదిలో పదిమందికి పైగా, అందరికీ కలిపి అవే స్నానాల గదులు. 2020 చివరికి ఆ కార్మికుల్లో దాదాపు సగం మందికి సోకిందని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. ప్రభుత్వం ఒకటే, ఊరూ ఒకటే. దూరం పాటించే చోటు మాత్రం కొందరికే దొరికింది.

ఇక చావుల లెక్క. 2021 మే 31న పెరూ తన లెక్క సరిదిద్దుకుంది. సుమారు 69 వేలుగా ఉన్న అంకె ఒక్కరోజులో 1,80,000 దాటింది. నిజం ఒప్పుకున్నందుకు ఆ దేశం పట్టికలో ఇంకా కిందికి పోయింది. 2020, 2021 సంవత్సరాల్లో మామూలుగా ఉండాల్సిన చావుల కంటే ప్రపంచమంతటా 1.49 కోట్లు ఎక్కువగా జరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. దేశాలు కొవిడ్ మరణాలుగా చూపించినవి అందులో సగం కూడా లేవు. సరిగా లెక్క రాయని దేశం పట్టికలో పైన కూర్చుంటే, దాన్ని చూసి మనం నేర్చుకునేదేముంది?

కాబట్టి నా మనవి ఒక్కటే. ఇకమీదట ఇలాంటి పట్టిక వేసినప్పుడు మామూలు కంటే ఎక్కువగా జరిగిన మరణాల అంకె కూడా ఇవ్వండి. లాక్‌డౌన్ తేదీ పక్కనే, ఇంట్లో ఉన్నవాళ్లకు డబ్బు, సరుకులు ఏ దారిన, ఎన్నాళ్లకు చేరాయో రాయండి. ఇరుకు గదుల్లో ఉన్నవాళ్ల సంఖ్య విడిగా చూపించండి. దీనికి మీ విలేకరులు ఎక్కువ కష్టపడాలని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు