బడి లెక్కలు గోడ మీద రాయండి

సంపాదకులకు,

మా ఊరి ప్రాథమిక పాఠశాలకు ఎంత డబ్బు వచ్చిందని అడిగితే అంతా ఆన్‌లైన్‌లో ఉందంటున్నారు. బడుల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్ యూడైస్ ప్లస్‌లో ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉన్నమాట నిజమే కానీ, కూలికెళ్లే తల్లి అవన్నీ ఎక్కడ వెతుక్కుంటుంది? విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలి, కాగితం మీద ఇద్దరున్నా ఒకరు డిప్యుటేషన్‌పై వేరేచోట పనిచేస్తుంటే ఆ సంగతి మాకెవరు చెబుతారు! బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల్లో 31 నుంచి 100 మంది ఉన్న బడికి ఏడాదికి 25,000 రూపాయల గ్రాంటు ఉంది. చాక్‌పీసులు, మరమ్మతులు, బాత్రూమ్ శుభ్రం, అన్నీ అందులోంచే. అది ఎప్పుడు జమైంది, దేనికి ఖర్చయింది? బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతోంది, వాళ్లతో ఉత్త సంతకాలు పెట్టించుకుంటే ఎలా? మధ్యాహ్న భోజనం మెనూ పక్కనే ఈ లెక్కలూ నెలనెలా రాయించండి.

– ఒక విద్యార్థి తండ్రి