మా అమ్మాయి మూర్ఛ చికిత్సలో తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా రెండో అమ్మాయికి మెదడు ఆపరేషన్ జరిగి ఈ నెలతో పద్నాలుగు నెలలు నిండాయి. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. డబ్బు సర్దినవారికీ, రక్తం ఇచ్చినవారికీ ఇళ్లకు వెళ్లి చేతులు జోడించి వచ్చాను. ఇక్కడ రాస్తున్నది వేరొక సాయం గురించి. మాకు రాని భాషలో ఉన్న వైద్య పరిశోధనను, అందులోని చెడుతో సహా, తెలుగులో చదివి వినిపించినవారి గురించి. తమ పేర్లు రాయవద్దని వారే కోరారు కనుక రాయడం లేదు.

పాపకు రెండేళ్ల వయసులో జ్వరంతో అరగంటకు పైగా ఫిట్స్ వచ్చి తగ్గిపోయాయి. మళ్లీ ఎనిమిదో ఏట మొదలైంది. “కడుపులోంచి ఏదో పైకి పాకుతోంది నాన్నా” అనేది; ఆ వెంటనే చూపు నిలిచిపోయేది, పెదవులు చప్పరించేది, పిలిస్తే పలికేది కాదు. పడిపోవడం, నురగలు కక్కడం లేవు కాబట్టి మేము దిష్టి తీయించాము, తాయెత్తు కట్టించాము. మూర్ఛేమోనని పెద్దలు అన్నాక ఒక ఒడియా డాక్టరు గారికి చూపించి ఆ మాటే చెప్పాము. ఒడియాలో మూర్ఛ అంటే సొమ్మసిల్లడం, ఈ జబ్బును వారు అపస్మారం అంటారు. పిల్ల నీరసంతో కళ్లు తిరిగి పడిపోతోందని ఆయన రాసుకుని బలానికి మందు ఇచ్చారు. రెండు భాషలూ పుట్టినప్పటి నుంచి వింటున్న నాకే ఆ తేడా తట్టలేదు.

మొదటి కృతజ్ఞత మా పక్కింటి పిన్నిగారికి. ఒక సాయంత్రం మా అరుగు మీద పాపకు అలా వచ్చినప్పుడు, చేతిలో తాళాలు పెట్టమని అందరూ కేకలు వేస్తుంటే, ఆవిడ మాత్రం కదలకుండా ఫోనులో వీడియో తీశారు. నిమిషం పది సెకన్ల ఆ వీడియోను విశాఖపట్నంలో న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) గారు మూడుసార్లు చూశారు. ఎడమ చేయి గౌను అంచును నలుపుతూ ఉంది, కుడి చేయి మాత్రం బిగుసుకుని వంకర తిరిగింది. అక్కడ ఆపి, కుడి చేతిని నడిపేది మెదడులోని ఎడమ సగం కనుక మూలం ఎడమ పక్కన ఉండవచ్చని ఆయన అన్నారు. తరువాత తీసిన ఎమ్మారైలోనూ ఎడమ టెంపోరల్ లోబ్ (కణత వైపు ఉండే మెదడు భాగం) లోపల, జ్ఞాపకాలకు తోడ్పడే హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయినట్టు కనిపించింది.

మందులతో కొన్ని నెలలు బాగున్నా, మళ్లీ మొదలైంది. ఆ తరువాత ఒక క్లినిక్‌లో అయిదేళ్ల పాటు మందులు మారుస్తూనే ఉన్నారు. ఆపరేషన్ సంగతి అడిగితే తల కోస్తే పిల్ల మాట పోతుందన్నారు. ఆ భయంతోనే మేము అక్కడ ఆగిపోయాము.

అప్పుడు దొరికింది మా బంధువుల అమ్మాయి స్నేహితురాలు, వైద్యంలో పీజీ చదువుతున్న ఒక బిడ్డ. సెలవుల్లో వచ్చి మూడు సాయంత్రాలు మా ఇంట్లో కూర్చుంది. గ్లాస్గోలో 2000లో వెలువడిన పరిశోధన ముందు చెప్పింది: అంతకు మునుపు మందే వాడని 470 మందిలో 47 శాతానికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి, రెండో మూడో మందుతో ఆగినవారు మరో 14 శాతమే. సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని మూర్ఛ వైద్య నిపుణుల అంతర్జాతీయ సంస్థ (ఐఎల్ఏఈ) 2010లో నిర్వచించినది కూడా అందుకేనట. మా పాప అప్పటికి నాలుగో మందు మీద ఉంది.

తరువాత ఢిల్లీ ఎయిమ్స్ వారి 2017 నాటి పరిశోధన పత్రం తీసింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు 116 మంది; 57 మందికి ఆపరేషన్, 59 మందికి మందులు మాత్రమే. ఏడాది తిరిగేసరికి ఫిట్స్ లేనివారు మొదటి గుంపులో 77 శాతం, రెండో గుంపులో 7 శాతం. “ఆ 59 మంది పిల్లలకు అన్యాయం చేసినట్టు కాదా అమ్మా?” అని అడిగాను. వారు ఆపరేషన్ కోసం వేచి ఉన్నవారి జాబితాలోనే ఆ ఏడాది కొనసాగారని, ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో చీటీ వేసినట్టు తేల్చకపోతే డాక్టర్లు తేలికైన కేసులనే ఆపరేషన్‌కు ఎంచుకున్నారన్న అనుమానం మిగిలిపోతుందని ఓపికగా చెప్పింది. నేను అక్కడితో చాలనుకున్నాను, ఆమె ఊరుకోలేదు. ఆపరేషన్ అయినవారిలో 33 శాతానికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయని, అందులో 15 మందికి ఒక పక్క శరీరం బలహీనపడిందని చదివింది. మెదడులో ఒక సగాన్ని విడదీసే పెద్ద ఆపరేషన్‌లో అలాంటిది ముందే ఊహించదగినదనీ, మన పాపకు చేయబోయేది వేరనీ, అయితే ఎడమ పక్క కనుక మాటలు గుర్తుకు రావడం మందగించవచ్చనీ చెప్పింది. ఆ చివరి మాట చెప్పకుండా ఉంటే మేము ఇంకా సులభంగా ఒప్పుకునేవాళ్లమేమో. చెప్పింది కనుకనే నమ్మాము.

ఆపరేషన్ కోసం వెళ్లిన వేరే రాష్ట్రపు ఆసుపత్రిలో మరొకరు ఆదుకున్నారు. ఆపరేషన్‌కు ముందు జ్ఞాపకశక్తి పరీక్ష చేయాలి. పాప చదివింది ఒడియాలో, మాట్లాడేది తెలుగులో, అక్కడివారికి రెండూ రావు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక నర్సమ్మ డ్యూటీ దిగాక రెండు గంటలు ఉండిపోయి, పరీక్ష చేసే మేడమ్ చెప్పినట్టే మాటల జాబితాను తెలుగులో చదివారు. వీడియో ఈఈజీ (ఫిట్స్ వచ్చేటప్పుడు మెదడు విద్యుత్ తరంగాలను వీడియోతో పాటు నమోదు చేసే పరీక్ష) కోసం మందులు తగ్గించి, ఫిట్స్ ఎప్పుడు వస్తాయా అని మేమే ఎదురుచూసిన ఆ నాలుగు రాత్రులు మా ఆవిడ పక్కన కూర్చున్నది కూడా ఆవిడే. అమ్మా, మీ రుణం తీరేది కాదు.

ఇప్పుడు పాపకు పదిహేడేళ్లు. మందులు ఇంకా వాడుతోంది. ఎప్పుడు తగ్గించాలో డాక్టర్లే చెబుతారు. కొన్ని మాటలు ఆలస్యంగా వస్తున్న మాట నిజమే. మొన్న గరిటె పేరు తట్టక “అదే నాన్నా, కూర వడ్డించేది” అని తనే నవ్వేసింది. స్నానానికి వెళ్లినప్పుడు ఫిట్స్ వస్తే తలుపు తీయలేమని తొమ్మిదేళ్ల కిందట నేను ఊడదీసి దాచిన గడియను, గత వారం పెట్టెలోంచి వెతికి తీసి, స్క్రూడ్రైవరు అడిగి, తన చేతులతోనే మళ్లీ బిగించుకుంది.