శిశిరంలో రాలే ఆకు మాకివ్వండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. హైదరాబాద్‌లోని వనస్థలిపురంలో మిద్దెమీద కుండీలు, ఇంటి వెనుక నాలుగు మళ్ళు పెంచుకుంటున్న గృహిణిని. కొత్త పథకం కోరి ఈ లేఖ రాయడం లేదు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో మా వీధుల్లో రాలే ఎండుటాకు మంటల పాలో, చెత్తకుప్పల పాలో కాకుండా, తోటలు పెంచుకునేవారికి అందే ఏర్పాటు చేయించమని అడుగుతున్నాను.

తడి చెత్తను వేరు చేయాలని, చెత్తను తగలబెట్టరాదని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. మా ఇంట్లో కూరగాయల తొక్కలు, టీ పొడి, పూజకు వాడిన పూలు గేటు దాటవు; వాటితో ఇంట్లోనే ఎరువు చేసుకుంటాం. అయితే వంటింటి వ్యర్థంలో నీరూ నత్రజనీ ఎక్కువ కాబట్టి, దాన్నొక్కదాన్నే డ్రమ్ములో నింపితే గాలి ఆడక కుళ్ళి, పురుగు పట్టి, పక్కింటివారితో మాట పడవలసి వస్తుంది. నత్రజనికి 25 నుంచి 30 రెట్లు కర్బనం ఉన్నప్పుడే సూక్ష్మజీవులు చురుకుగా పనిచేస్తాయి; ఆ కర్బనాన్ని ఖర్చు లేకుండా ఇచ్చేది ఎండుటాకు. ఒక గిన్నె తొక్కలకు రెండు గిన్నెల ఆకు చొప్పున పొరలుగా పరచి, కాస్త పుల్లమజ్జిగ చల్లి, పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ ఉంచి, వారానికోసారి తిరగవేస్తే, రెండు మూడు నెలల్లో తొలకరి వాసన వేసే నల్లటి ఎరువు చేతికొస్తుంది. కంపు భరించలేక మధ్యలో మానుకున్నవారిని చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమందికి దొరకనిది ఆకే.

మా వీధి నిండా కానుగ, వేప, నిద్రగన్నేరు చెట్లున్నాయి. కానుగ రొట్టను వరిమళ్ళలో తొక్కించి ఎరువుగా వాడుకున్న రైతుల మనవలమే మేము. ఇప్పుడు అదే ఆకు ప్లాస్టిక్ కవర్లతో కలిసి సంచుల్లోకి పోతుంది, లేదా తెల్లవారుజామున మలుపులో ఎవరో దానికి నిప్పు పెడతారు. మేమేమో ఆ ఆకుకు బదులు డబ్బు పోసి కొబ్బరిపొట్టు ఇటుకలు కొనుక్కుంటున్నాం.

ఈ నగరపు నేలకు ఆ ఆకు ఎంత అవసరమో కూడా మనవి చేయాలి. ఇక్కడ చాలాచోట్ల గ్రానైటు రాతి మీద పలుచగా పరచుకున్న ఎర్ర చెల్క నేల. నీరు ఎంతోసేపు నిలవదు. దానికి తోడు ఇల్లు కట్టేటప్పుడు పైమట్టి పోయి, దాని స్థానంలో మొరం, సిమెంటు పెళ్ళలు చేరతాయి. మొదటి ఏడు మా పెరట్లో గడ్డపార దిగలేదు. ఏటా ఎరువు కలిపి, పైన జానెడు మందాన ఆకు కప్పుతూ వచ్చిన మడిలో ఇప్పుడు వేలితో గీసినా మట్టి విచ్చుకుంటోంది, వానపాములు కనిపిస్తున్నాయి, మే నెలలో కూడా రోజు విడిచి రోజు నీళ్ళు పోస్తే వంగ మొక్క వాడిపోవడం లేదు.

కాబట్టి ఆకు రాలే ఆ రెండు నెలలూ ప్రతి వార్డులో ఏదో ఒక పార్కు మూల ఇనుప జాలీతో దడి కట్టించి, ఊడ్చిన ఆకును అందులో పోయించండి. పారిశుధ్య కార్మికుల మీద అదనపు భారం మోపాలని నా ఉద్దేశం కాదు. దగ్గరలోనే చోటుంటే వారు సంచులు మోసే దూరం కూడా తగ్గుతుంది. పెద్ద రోడ్ల మీది ఆకులో దుమ్ము, నూనె మరకలు ఉంటాయి గనుక ముందుగా పార్కుల్లోదీ, కాలనీ సందుల్లోదీ చాలు. కావలసినవారు తీసుకుపోగా మిగిలింది ఆ పార్కులోనే గుంత తీసి మాగబెట్టవచ్చు.

వచ్చే శిశిరానికి మా కాలనీ పార్కులో ఒక దడికి అనుమతి ఇప్పిస్తే, ప్లాస్టిక్ ఏరే పనినీ, ఎన్ని సంచులు వచ్చాయో రాసే పనినీ ఇరుగుపొరుగు కలిసి మేమే చూసుకుంటాము.

ఇట్లు,
భవదీయురాలు,
వనస్థలిపురం నివాసిని