వి.బి.ఎస్.లో పిల్లల భద్రత సంగతేంటి?

సంపాదకులు గారికి,

వేసవి సెలవులు వచ్చాయంటే చర్చిల్లో వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్, అంటే సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ క్లాసులు) సందడి మొదలవుతుంది, యాక్షన్ సాంగ్స్, కంఠత వాక్యాలు, మధ్యలో బిస్కెట్లు, పిల్లలు ఎగబడి వెళ్తారు. వెళ్లాలి కూడా. కానీ వాళ్లకి పాఠాలు చెప్పడానికి వచ్చిన వాలంటీర్ ఎవరు, ఇంతకుముందు ఎక్కడ పనిచేశాడు అని మనలో ఎంతమందిమి అడుగుతున్నాం? "పాస్టర్ గారికి తెలిసినవాడే" అంటే చాలు, ఊరుకుంటాం.

క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, తలుపు తీసే ఉండాలి. ప్రత్యేక ప్రార్థన అని ఒక్క పిల్లనో పిల్లాడినో విడిగా గదిలోకి తీసుకెళ్తానంటే, ఎంత పెద్ద దైవజనుడైనా సరే, కుదరదని చెప్పాలి. క్లాసు అయ్యాక "నేను బండి మీద దింపేస్తాలే" అనడం మామూలైపోయింది, అది కూడా ఆపాలి, ఇంట్లోవాళ్లు వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టాకే పిల్లల్ని పంపాలి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది, ఏదైనా జరిగితే సంఘం పరువు పోతుందని పెద్దలు కూర్చుని సర్దిచెప్పేయడం. క్షమించమని ఆ పసిబిడ్డకి చెప్పడం ఏం న్యాయమండీ? పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ బాధ్యుడు చెప్పకుండా దాస్తే ఏడాది వరకు జైలు.

ఈ వేసవి క్లాసులు మొదలవ్వకముందే ప్రతి చర్చి నోటీసు బోర్డు మీద ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న చైల్డ్‌లైన్ ఫోన్ నంబర్ 1098 పెద్ద అక్షరాలతో రాయించాలని సంఘ పెద్దలను కోరుతున్నాను.

- ఒక సండే స్కూల్ టీచర్, గుంటూరు